కుండకుర్చీలో కూర్చున్న పాపానికి

మీరు ఎప్పుడన్నా తిరుపతికి పోతే, బస్టాండు తావ కొత్తగా కట్టిన లాడ్జి ఒకటి ఉండాది, దాని ముందర హాల్లో నేను కూర్చోని ఉంటాను. చూసి రాండి. చిత్తూరులో మా వంటింట్లో కూర్చోని ఇది రాసేదాన్ని, ఆడ ఎట్ల కూర్చోనుండానంటే... అదే చెప్తా ఉండాను. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసి రాండి.

ముందు నా సంగతి రవంత చెప్పాల. ఐదో క్లాసుతో బడి మానేసినదాన్ని. మొగాళ్ళ ముందర నోరు పెగలదు. ఇంటికి కొత్తవాళ్ళు వస్తే నేను తలుపు వెనక. గాజుల చప్పుడు విని ‘లోపల మనిషి ఉండాది’ అని వాళ్ళే అనుకోవాల. పెండ్లయి ఇన్నేండ్లయినా మా మరిది ఎదురుగా కుర్చీలో కూర్చున్నది లేదు. కుర్చీ అంటే గుర్తొచ్చింది, మనిషిని రవంత లావు. రవంతేం, శానానే.

ఆ మరిది కూతురే వసంత. మద్రాసుకు పోయి మట్టిపని చదువుకోనొచ్చింది. "కుండలు చేసేదానికి మద్రాసు దాకా పోవల్లనా!" అని చుట్టాలంతా బుగ్గలు నొక్కుకున్నారు. కుండలే అయితే ఏం బాధ? ఆ పిల్ల కుండలతో కుర్చీలు చేసింది! తిరుపతిలో వాళ్ళింటి వెనక బట్టీ కట్టుకోని చెంబు మాదిరి స్టూలు, తాబేలు మాదిరి బల్ల, ఇంకా ఏమేమో కాల్చింది. అన్నిట్లోకీ పెద్దది ఒక బాన. మనిషి పట్టేంత బాన. ముందర పక్క కోసేసి, లోపల నున్నగా నీలం రంగు గాజుపూత పూసింది. దాని పేరు ‘కడుపు’ అంట!

"కుర్చీకి కడుపేంది పాపా?" అని అడిగినాను.

"లోపల కూర్చుంటే అమ్మ కడుపులో ఉన్నట్టు ఉండాల పెద్దమ్మా. ఒకసారి కూర్చోని చూడు."

"నాకొద్దు తల్లీ. ఒకసారి ఉండొచ్చినాను, చాలు."

వాళ్ళ నాయనకు ఇదంతా ఒట్టి పిచ్చి. "ఈసారి ఎవురన్నా పని ఇస్తే సరి. లేదంటే బట్టీ పడగొట్టి ఆడ ఎనుములకు కొట్టం కట్టిస్తా. అవి పాలన్నా ఇస్తాయి" అనేసినాడు. లాడ్జి కట్టే షావుకారు ఒకాయన ముందర హాల్లో ఏదన్నా కొత్తగా పెట్టించాలని చూస్తా ఉండాడని వసంతకు తెలిసింది. ఒక సత్రంలో పెద్ద రూము తీసుకోని, తన సామానంతా ఆడ పెట్టి, ఆయప్పను చూసేదానికి రమ్మనింది. ఆయప్పకు నచ్చితే బట్టీ బతుకుతాది. లేదంటే ఎనుములు.

పెట్టేది ఊరికే పెట్టిందా? రూము నిండా చాపలూ గోనెపట్టలూ గోడల మాదిరి వేలాడగట్టి, సందులు సందులు చేసింది. కిటికీలన్నీ మూసేసి, ఒక్కదాంట్లో నుంచి మాత్రం వెలుతురు కడుపు మీద పడేట్టు చేసింది. "మనిషి నడిచే కొద్దీ జాగా మారతా ఉండాల పెద్దమ్మా" అనింది. నాకేమో కొండ మీద క్యూ మాదిరి కనిపించింది.

ఆ పొద్దు శుక్రవారం. ముందురోజే చిత్తూరు నుంచి పోయి మా మరిది ఇంట్లో దిగినాను. తలంటుకోని, మొగానికి దట్టంగా పసుపు పూసి, ఇంత బొట్టు పెట్టుకోని, పసుపుపచ్చ చీర కట్టుకోని, పులిహోర క్యారియర్ తీసుకోని సత్రానికి పోయినాను. వసంత రెండు ముద్దలు తినేసి, "పెద్దమ్మా, దీపంలో నూనె పోసి పెట్టు, నేను గేటు కాడికి పోయి వాళ్ళను పిలుచుకోనొస్తా" అని పరిగెత్తింది.

నూనె పోసినాను. సీసా కింద పెడతానే మొగాళ్ళ గొంతులు! మా మరిది గొంతు. దాని వెనక ఇంకో లావు గొంతు. వెనక తలుపు యాడ? ఈ చాప తీస్తే గోడ. ఆ గోనె తీస్తే తాబేలు. ఇంకో సందులో దూరితే మళ్ళా అదే తాబేలు! గొంతులు దగ్గరికి వచ్చేసినాయి. ఎదురుగా కడుపు కనిపించింది. ఇంగ ఆలోచన లేదు, వెనక్కు తిరిగి దూరేసినాను.

నడుము ఆనించినానో లేదో సర్రుమని లోపలికి జారిపోయినాను. గాజుపూత గదా! మోకాళ్ళు గడ్డానికి వచ్చి తగిలినాయి. లేవాలని చూస్తే బాన నాతో పాటు ఊగతా ఉండాది. పగిలితే? షావుకారు, బట్టీ, ఎనుములు అన్నీ కండ్ల ముందర తిరిగినాయి. కదల్లా. కండ్లు మూసుకున్నాను. నేను కండ్లు మూసుకుంటే వాళ్ళకు కనిపించనని ఆ నిమిషంలో నాకు గట్టి నమ్మకం. రూమంతా చీకటి చేసి, వెలుతురంతా నేను దాక్కున్న చోటే పోసి పెట్టింది గదా ఆ మహాతల్లి!

"అబ్బా!" అన్నాడు షావుకారు. "ఈ బొమ్మ ఎంత బాగుండాదప్పా! నిజంగా మనిషి కూర్చోనున్నట్టే ఉండాది."

ఒక కన్ను రవంత తెరిచినాను. వసంత నన్ను చూసేసింది. నోరు తెరిచింది, షావుకారు మొగంలో సంతోషం చూసింది, నోరు మూసేసింది.

మా మరిది తల ఊపినాడు. "ఆ చీర కూడా అచ్చం మా వదినది మాదిరే ఉండాది!"

ఇన్నేండ్లు తలుపు వెనక నిలబడిన దానికి ఫలితం ఇది. మా మరిదికి నా చీర తెలుసు, మొగం తెలీదు.

షావుకారుతో వాళ్ళమ్మ కూడా వచ్చింది. ముసలామె. "బొమ్మేందిరా? కండ్లు పోతాయి! గంగమ్మ తల్లిరా!" అని ముందుకొచ్చింది. మీకు తెలుసు గదా, తిరుపతి గంగజాతరలో ఆఖర్న తల్లి రూపం మట్టితో చేస్తారు. అది పగలగొడతానే ఆ మట్టి కోసం జనం మీద జనం పడతారు. చిటికెడు ఇంట్లో ఉంటే రోగం రాదంటారు. పాపం ఈమెకు ఎన్ని జాతరలకు పోయినా ఆ తోపులాటలో చెయ్యి అందలేదంట. ఈడ అడ్డం ఎవురుండారు?

"రవంత మట్టియ్యి తల్లీ, మోకాలినొప్పికి" అని నా చెంప పట్టుకోని గిల్లింది. పండ్లు కొరుక్కోని ఓర్చుకున్నాను.

"బాగా కాల్చినారే, రాలేదు!" అని, ఈసారి రెండు చేతులా పట్టుకోని మెలి తిప్పింది.

"అమ్మా!" అని అరిచేసినాను.

షావుకారు ఎగిరి తాబేలు మీద ఎక్కినాడు. ముసలామె "పలికింది తల్లి!" అని నేల మీద సాగిలపడింది. మా మరిది ఒక్కడికే అప్పుడు తెలివొచ్చింది. "వదినా! నువ్వేంది ఈడ!"

"పెద్దమ్మా, కదలొద్దు, పగుల్తాది!" వసంతకు ఏడుపు వచ్చేసింది.

"సుత్తి తెస్తా. కుండదేముండాది, మనిషిని తీయాల గదా" అని మా మరిది.

"బాన మీద చెయ్యి పడితే చూడు నాయనా!" అని వసంత.

నన్నిట్లే వదిలేసి మీ పని చూసుకోండి అని చెప్దామంటే, మొగాళ్ళు ఉండారే, నోరు పెగల్లా.

గంగమ్మ కాదు, మనిషేనని తెలిసినాక ముసలామె లేచి కొంగు బిగించింది. "మొగోళ్ళంతా బయటికి పొండి! ఎన్ని కాన్పులు చేసినాను, ఇదొక లెక్కా!" అని అందర్నీ తరిమేసింది. దీపానికని తెచ్చిన నూనె సీసా నా చుట్టూ కుమ్మరించింది. "ముక్కు తల్లీ, గట్టిగా ముక్కు. తొందర పడొద్దు. వసంతా, చేతులు పట్టుకోని లాగు. ఆఁ, వస్తా ఉండాది, వస్తా ఉండాది..." బుళుక్కుమని జారి గోనెల మీద పడినాను. బానకు పెచ్చు కూడా ఊడలా.

ముసలామె తలుపు కాడికి పోయి కేకేసి చెప్పింది. "ఆడబిడ్డరా! తల్లీ బిడ్డా ఇద్దరూ బాగుండారు!"

షావుకారు లోపలికొచ్చి ఖాళీ బానను అటూ ఇటూ చూసినాడు. "ఇప్పుడు బోసిగా ఉండాదే. మనిషి ఉంటేనే దీనికి కళ. కుర్చీతో పాటు ఆ బొమ్మ కూడా చేసియ్యమ్మా, హాలు పనంతా నీకే" అన్నాడు. బట్టీ నిలబడింది. ఎనుములకు మా మరిది వేరే చోటు చూసుకున్నాడు.

మొన్న మా ఆయనతో పోయి ఆ హాలు చూసినాను. ఎవురి కంటా పడకూడదని దాక్కున్నదాన్ని, కొండకు పోయే దేశదేశాల మొగాళ్ళ ముందర రేయింబగలూ కూర్చోనుండాను! నెత్తిన పూలు పెట్టినారు. నుదుట్న కుంకుమ. అందరూ చెంపలేసుకుంటా ఉండారు. నేనొకతె ఊరికే నిలబడితే నన్ను చూస్తారే అని సిగ్గయి, నేనూ కండ్లు మూసుకోని మొక్కేసినాను. మొక్కినాక ఏదో ఒకటి కోరుకోవాల గదా! "తల్లీ, ఈ ఒళ్ళు రవంత తగ్గించు" అని కోరుకున్నాను.

కండ్లు తెరిచి ఆయమ్మ నడుము చూసినాను. ఉన్న నమ్మకం కూడా పోయింది.