తీసేసిన మైకులోంచి మా అక్క గొంతు

ఎవరైనా దయ్యాల ముచ్చట మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోయే రకం. భయంతో కాదు, విసుగుతో. జహీరాబాద్‌లో నాకు ల్యాప్‌టాప్‌లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. మాట వినబడలేదంటే వైరు తెగి ఉండాలి, లేదా సెట్టింగ్ మారి ఉండాలి. ఇన్నేళ్లలో మూడో కారణం నాకు ఎదురుపడలేదు. అందుకే మా అక్క విషయంలో జరిగింది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అక్క పేరు శారద. ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పేది. ఆమె పాఠం చెబుతుంటే రోడ్డు మీదికి వినబడేది. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత ఆ గొంతు పోయింది. గుసగుస తప్ప ఏమీ రాలేదు. గొంతు నరం బలహీనపడిందని, మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు అని డాక్టర్లు చెప్పారు. బడి తెరిచేదాకా చూస్తామని, ఆ తర్వాత ఇంకో టీచర్‌ను పెట్టుకోక తప్పదని బడివాళ్లు మర్యాదగానే చెప్పారు.

హైదరాబాద్ నుంచి ఒక మేడమ్ వారానికోసారి వీడియో కాల్‌లో అక్కకు గొంతు వ్యాయామాలు నేర్పేవారు. మొదటి నుంచీ అదొక తంటా. అక్క గుసగుస అవతలికి చేరేది కాదు. చెవిలో పెట్టుకునే బ్లూటూత్ తీసేయించాను. బ్రౌజర్‌లో మైకు అనుమతి సరిచేశాను. అయినా ల్యాప్‌టాప్‌లో ఉన్న మైకు బరబరమంటుంటే దాన్ని పూర్తిగా ఆపేసి, వైరుతో గుచ్చే మైకు ఒకటి దుకాణం నుంచి తెచ్చాను. మసకబారిన కెమెరా బదులు విడిగా ఇంకో కెమెరా పెట్టాను.

ఆ రోజు మధ్యాహ్నం కాల్ మధ్యలో కెమెరా ఆగిపోయింది. అక్క ముఖం తెర మీద బొమ్మలా బిగుసుకుంది. కెమెరా గుచ్చిన చోటే లోపమేమోనని మైకు వైరు పీకి, మైకు ఉన్న చోట కెమెరా వైరు పెట్టాను. బొమ్మ కదిలింది. మైకు నా చేతిలోనే ఉంది.

ఇది తెలియక మేడమ్ మామూలుగా అడిగారు, పొద్దున ఏం తిన్నారని. అక్క అలవాటుగా పెదవులు కదిపింది. పక్కనే కూర్చున్న నాకు గాలి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

మేడమ్ ముందుకు వంగారు. "ఆపకండి శారదగారూ. చాలా స్పష్టంగా వినిపిస్తోంది. గొంతు ఎప్పుడు వచ్చింది?"

అక్క నా వైపు చూసింది. నేను చేతిలోని వైరు చూపించాను. మేడమ్ నవ్వారు, నేను తమాషా చేస్తున్నాననుకుని. అక్క ఇంకేదో చెప్పింది. మేడమ్ దానికి జవాబిచ్చారు, సరైన జవాబేనన్నట్టు అక్క తలూపింది. కాసేపటికి లైన్ తెగిపోయింది.

మళ్లీ కలిపేసరికి ఏమీ లేదు. మైకు గుచ్చితే గుసగుస, పీకితే నిశ్శబ్దం. ఎలా ఉండాలో అలాగే.

మేడమ్ ప్రతి కాల్‌నూ రికార్డు చేసేవారు. అడిగితే పంపారు. నేను, అక్క వంటింట్లో కూర్చుని విన్నాం. అది అక్క పాత గొంతే. "పొద్దుగాల జొన్నరొట్టె, పుంటికూర తిన్న మేడమ్. నా రొట్టె గూడ మా తమ్ముడే తిన్నడు."

ఆ పొద్దున జరిగింది అదే. అందుకే పాత రికార్డింగ్ ఏదో మోగిందని అనుకోవడానికి వీల్లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. మా ఇంటి ముందు నుంచి చెరకు ట్రాక్టర్లు పోతూనే ఉంటాయి, పైన ఫ్యాను కిర్రుమంటూ ఉంటుంది. ఆ మాటల వెనక ఆ చప్పుళ్లేవీ లేవు.

కెమెరా విప్పి చూశాను, అందులో మైకు లేదు. ల్యాప్‌టాప్ మైకు ఆపేసే ఉంది. మా ఇద్దరి ఫోన్లూ ఆ కాల్‌లో లేవు. ఒకవేళ ఏదో ఒక మైకు పనిచేసిందనుకున్నా, అది గుసగుసనే పంపాలి కదా. లేని గొంతును ఏ మైకూ తయారుచేయదు. అవే వైర్లతో, అదే గదిలో ఎన్నిసార్లు ప్రయత్నించానో. మళ్లీ ఒక్కసారి కూడా రాలేదు.

తర్వాత అక్కకు కొంత గొంతు వచ్చింది. బొంగురుగా, సన్నగా. బడి తెరిచిన రోజున నడుముకు చిన్న స్పీకర్ కట్టుకుని వెళ్లింది. పిల్లలు మొదట నవ్వారట, తర్వాత అలవాటుపడ్డారు. రికార్డింగ్‌లోని గొంతు మాత్రం తిరిగి రాలేదు.

ఒకరోజు అడిగాను, ఆ మధ్యాహ్నం నీకేమైనా తేడా అనిపించిందా అని.

"తేడా ఏముందిరా," అంది. "లోపల నాకు నా గొంతు ఎప్పుడూ గట్లనే వినవడ్తది. గా రోజు ఆమెకు గూడ వినవడ్డది, గంతే."

ఆమెకు ఆ మాట చాలు. నాకు చాలలేదు. లోపల వినబడేది ఏ వైరూ లేకుండా హైదరాబాద్ దాకా ఏ దారిన పోయిందో, పని చేసుకుంటూ ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.