తెల్ల కారుకు పసుపు బొట్టు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో ఎవరికీ ప్రాణం పోలేదు. నాకు మాత్రం ఒక్క పగటిపూటలో నాలుగైదుసార్లు పోయి వచ్చింది. గుండెదడ ఉన్నవాళ్ళు పక్కన మంచినీళ్ళు పెట్టుకుని చదవండి. ఇన్నేళ్ళ తర్వాత కూడా రాస్తుంటే నా చెయ్యి కొంచెం వణుకుతోంది. అక్షరాలు వంకరగా కనబడితే అది భయం, నా చదువు తప్పు కాదు. నేను బడి మొహం చూడకపోయినా మా నాన్న ఇంట్లో కూర్చోబెట్టి మంచి దస్తూరీయే నేర్పాడు, ఆయనకు దండం.

మాది సాలూరు. ఊరంతా లారీలే. ఇక్కడి పిల్లలు అమ్మా అనేముందు హారన్ మోత నేర్చుకుంటారని బయటివాళ్ళు ఆటపట్టిస్తారు. మా మేనత్త కొడుకు సింహాచలం బావే నాకు మొగుడు. లారీ బాడీలు కట్టే షెడ్డులో రేకు కొట్టడం నేర్చి, తర్వాత మూడేళ్ళు ఒడిశా కొండదారుల ఘాటీల్లో లారీ తోలాడు. ఆ మూడేళ్ళూ నేను వెలిగించిన దీపాలు వరసగా పేరిస్తే ఘాటీ పొడుగునా పట్టపగల్లా ఉండేది. ఒక వానాకాలం బండి లోయ అంచున ఆగిపోయిందన్న కబురు విన్నాక, రెండు రోజులు నాకు మెతుకు దిగలేదు. చివరికి దేవుడు కరుణించాడు. బావ లారీ దిగి, ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, పాత కార్లకు మళ్ళీ ప్రాణం పోసే పని పెట్టుకున్నాడు.

అదేం చిన్న పని అనుకోకండి. తుప్పు పట్టిన కారును ఎముకల దాకా విప్పుతాడు. కుళ్ళిన రేకు కోసి కొత్తది అతుకుతాడు. లోపల ఈకాలపు ఇంజను, పవర్ స్టీరింగు, డిస్క్ బ్రేకులు, ఏసీ పెడతాడు. పైకి మాత్రం బండి తన పెళ్ళినాటి మొహంతోనే ఉండాలి. అలా బావ మొదలు నుంచి చివరి దాకా చేసిన మొట్టమొదటి బండి ఒక లెక్కల మాస్టారి తెల్ల అంబాసిడర్. మాస్టారు రిటైరైన మనిషి. పిల్లల లెక్కల్లోనే కాదు, పెరుగు తోడులో కూడా తప్పు పట్టగలడు. ఆయనకు నచ్చితే ఆయన స్నేహితులు ముగ్గురు తమ బళ్ళు ఇస్తామన్నారు. నచ్చకపోతే షెడ్డు మూతే. అప్పటికే పాత లారీ యజమాని "ఎప్పుడొచ్చినా నీ సీటు నీదేరా" అని కబురు పెట్టి కూర్చున్నాడు. అంటే మళ్ళీ ఘాటీ. మళ్ళీ నా దీపాలు.

ఆ శుక్రవారం పొద్దున్నే బావ బంపర్లకు మెరుగు పెట్టించి తేవడానికి విశాఖపట్నం బయల్దేరాడు. కారుకు రంగు వేసి రెండు రోజులయింది. రంగు వేసినది పెంటయ్య మావ. మా అత్తకు వరసకు తమ్ముడు, పెయింటింగులో చెయ్యి తిరిగినవాడు.

"ఒసే సత్తెమ్మా, కారు దగ్గరికి ఎవుల్నీ ఎల్లనివ్వకు. పైకి ఆరినట్టుంటాది గానీ లోపల ఇంకా పచ్చిగానే ఉన్నాది. వారం దాకా ఏలు కూడా ఎట్టకూడదని మావ మరీ మరీ సెప్పినాడు."

"అలాగే బావా."

"నువ్వు కూడా ఎట్టకు."

"నానేటి సిన్నపిల్లనా బావా?"

బస్సు మలుపు తిరిగిందో లేదో నేను వెళ్ళి కారు ముందు నిలబడ్డాను. మీగడ తరకలా మెరిసిపోతోంది. చూస్తుంటే కళ్ళు చెమర్చాయి. ఆ వెంటనే భయం పట్టుకుంది. నిన్న సాయంత్రం నుంచి వీధిలో వాళ్ళంతా వచ్చి "ఓలమ్మ, పెళ్ళికూతురిలాగున్నాది" అంటూ నోళ్ళు తెరిచి చూసి వెళ్ళారు. ఇన్ని కళ్ళు పడిన బండికి బొట్టు లేదు, గంధం లేదు. అంతకుముందు బావ బాగుచేసిన ఒక జీపుకు పూజ చేయకుండానే పంపేశాం. ఊరు దాటకుండానే దాని గేరు రాడ్డు డ్రైవరు చేతిలోకి ఊడి వచ్చింది. ఈ కారుకూ అలా అయితే?

ఇప్పుడు నా తెలివి వినండి. బావ వేలు పెట్టవద్దన్నాడు. కానీ దేవుడి పని వేలు పెట్టడం కిందికి వస్తుందా? గుళ్ళో విగ్రహాన్ని ముట్టుకోవద్దంటారు, పూజారి అభిషేకం మానేస్తాడా? అలా నాకు నేనే వాదించుకుని, నాకు నేనే తీర్పు చెప్పుకుని, పసుపు డబ్బా తెచ్చాను.

ఆ పసుపు గురించి ఒక మాట చెప్పాలి. కొండ మీద నుంచి సంతకు వచ్చే కొమ్ములు కొని, నేనే దంచుకున్న పసుపు. చిటికెడు పప్పులో వేస్తే గరిటె కూడా పచ్చబడుతుంది. నిలువు తలుపు మీద జారిపోకుండా దాన్ని నువ్వుల నూనెతో కలిపాను. బానెట్ మీద జానెడు స్వస్తిక్. నాలుగు తలుపులకూ మూడేసి బొట్లు. డిక్కీ మీద ఇంకో స్వస్తిక్, బానెట్ చిన్నబుచ్చుకోకుండా దానికంటే కొంచెం పెద్దది. హారతి ఇచ్చి, "స్వామీ, మా బావను మళ్ళీ లారీ ఎక్కించకు" అని మొక్కుకున్నాను. మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను. సాయంత్రం బావ వచ్చేలోపు మెత్తని గుడ్డతో తుడిచేస్తే ఎవరికీ తెలియదు.

గంట ఆగి తుడిచాను. పసుపు వచ్చింది. పచ్చదనం రాలేదు.

మళ్ళీ తుడిచాను. నా గుడ్డ పచ్చగా ఉంది, చెయ్యి పచ్చగా ఉంది, కారు కూడా పచ్చగానే ఉంది. జానెడు స్వస్తిక్ ఇప్పుడు మూరెడు మరకయింది. తెల్లని బండికి పచ్చకామెర్లు వచ్చినట్టు ఉంది.

"అత్తా! ఓ అత్తా! బేగి రా!"

అత్త వచ్చి చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఓలమ్మో! ఏటే ఇది?"

"బొట్టెట్టినానత్తా."

"బొట్టెట్టినావా, నలుగెట్టినావా? నా కొడుకు సూస్తే ఇంకేటన్నా ఉన్నాదా? ఏడవకు ముందు. సబ్బు నీళ్ళెట్టి కడిగీ."

పెద్దల మాట. బకెట్లో బట్టల సబ్బు పొడి గుప్పెడు వేసి, నురుగు తీసి, బానెట్ మీద గుడ్డ పెట్టి రుద్దాను.

అమ్మలారా, అయ్యలారా, బానెట్ ఎర్రబడింది.

ఎరుపంటే ఏదో గులాబీ రంగు అనుకునేరు. నెత్తుటి ఎరుపు. గుడ్డ ఎరుపు, నురుగు ఎరుపు, అంచున కారే ధార ఎరుపు. నేను కెవ్వున అరిచాను. అత్త రెండు చేతులూ ఎత్తేసింది.

"అమ్మో, అమ్మవారికి కోపమొచ్చినాది! బండికి నెత్తురొచ్చేస్తంది! మొక్కుకోవే, మొక్కుకో!"

ఇద్దరం అక్కడే, ఆ సబ్బు నీళ్ళలోనే, మోకాళ్ళ మీద కూలబడి మొక్కాం. సగం మొక్కులో ఉండగా నాకు వెలిగింది. నెలకు రెండుసార్లు పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్ళతో దిష్టి తీసేది నేనే కదా! పసుపుకు సున్నం తగిలినా, సబ్బు తగిలినా ఎర్రబడుతుంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న విద్య అది. కంగారులో బుర్రలోంచి జారిపోయింది.

"అత్తా, అది నెత్తురు కాదు, పసుపే."

"అయితే మరీ దారుణమే. అమ్మవారైతే క్షమిస్తాది. నా కొడుకు క్షమిస్తాడా?"

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. బావ.

"కారెలాగున్నాదే?"

నాకు అబద్ధం నోట రాదు. అది వరమో శాపమో ఆ రోజు తేలలేదు. "ఉన్నాది బావా. సెడ్డులోనే ఉన్నాది."

"ఎవులూ ముట్టుకోనేదు కదా?"

"బయటోళ్ళు ఒక్కరు కూడా ముట్టుకోనేదు."

"గొంతేటి అలాగున్నాది?"

"సబ్బు... సబ్బు నురుగు పోనాది బావా."

"గొంతులోకా?"

"కంట్లోకి," అన్నాను. అది మాత్రం నిజమే.

"సరేగానీ ఇను. మాస్టారు పోన్ చేసినాడు. ఆదివారం దాకా ఆగలేనన్నాడు. సాయంత్రం నాలుక్కే సూడ్డానికి వస్తన్నాడు. నానూ ఆ టయానికి దిగిపోతాను. సెడ్డు తుడిసి ఉంచు."

నా కళ్ళ ముందు కారు కనబడటం మానేసింది. లోయ, లోయ అంచున లారీ, స్టీరింగు దగ్గర బావ.

పెంటయ్య మావను పిలిపించాం. మావ వచ్చి ఒకసారి చూసి, నేల మీద చతికిలబడ్డాడు. చేతిలో బీడీ వెలిగించకుండానే రెండుసార్లు పీల్చాడు.

"పిల్లా, నాకు అరవయ్యేళ్ళు. కార్లకి గీతలు సూసినాను, సొట్టలు సూసినాను. కారుకి సీమంతం సెయ్యడం ఇదే సూడ్డం."

"థిన్నరెట్టి తుడిసీ మావా, నీ కాళ్ళట్టుకుంటాను."

"థిన్నరెడితే రంగంతా లేసి సేతికొస్తాది. లోపల పచ్చి కదా, పీల్చీసింది. మళ్ళీ గీకి మళ్ళీ ఎయ్యాల. నాలుగ్గంటలకి కాదు, నాలుగు రోజులకీ అవదు."

అత్త ఊరుకోలేక నిమ్మచెక్క తెచ్చి పిండింది. ఎరుపు పోయి మళ్ళీ పసుపయింది. "సూసినావా, తగ్గినాది!" అంది అత్త సంబరంగా. పచ్చకామెర్లే కదా, నెత్తురు కాదు. ఆ క్షణాన నేను దానికి కూడా దేవుడికి దండం పెట్టాను.

మరక ఎంత లోతు దిగిందో వెలుతురులో చూస్తానని మావ అంటే, ముగ్గురం కలిసి కారును వాకిట్లోకి తోశాం. వైశాఖ మాసపు ఎండ, పది గంటలకే నేల కాలుతోంది. చూస్తే మరక ఇంకా నిక్షేపంగా కనిపించింది. మావ లేచి కండువా దులిపాడు. "విజయనగరంలో ఏదో పాలిస్ దొరుకుతాదంటారు. ఎల్లొస్తాను," అని మోటారుసైకిలెక్కి వెళ్ళిపోయాడు. తిరిగి వస్తాడో, ఆ దారినే పారిపోతాడో నాకు నమ్మకం లేదు.

ఇక ఆ కారు మొహం చూసే ధైర్యం మాకిద్దరికీ లేకపోయింది. తలుపు వేసుకుని దేవుడి గదిలో కూర్చున్నాం. నాకు వచ్చిన స్తోత్రాలన్నీ చదివాను. రానివి కూడా చదివాను. అన్నం వండలేదు. వీధిలో బండి చప్పుడైనప్పుడల్లా దీపంలో ఇంకో ఒత్తి వేసేదాన్ని. అత్త మధ్యమధ్యలో "వాడు లారీలో కప్పుకునే పాత దుప్పటి ఉన్నాదేటే?" అని అడిగేది. అడిగినప్పుడల్లా ఏడ్చేదాన్ని.

నాలుగయింది. ఆటో ఆగింది. మాస్టారి గొంతు, వెనకే బంపర్లు దింపుతూ బావ గొంతు. నేను గోడ పట్టుకుని బయటికొచ్చాను, కళ్ళు నేల మీదే పెట్టుకుని. మాస్టారు కారు చుట్టూ నెమ్మదిగా తిరుగుతున్నాడు. ఆయన చెప్పులు కనబడుతున్నాయి. బానెట్ దగ్గర ఆగాయి.

"అమ్మాయ్," అన్నాడు మాస్టారు, "అంతా బాగుంది. ఒక్కటే లోటు."

అయిపోయింది అనుకున్నాను.

"శుక్రవారం పూట నా బండి బోసి మొహంతో ఉందేమిటి? వెళ్ళి పసుపు పట్టుకురా. నీ చేత్తో బానెట్ మీద ఒక బొట్టు పెట్టు."

బావ నసిగాడు. "మాస్టారూ, రంగింకా పచ్చి..."

"చిటికెడు పసుపుకు ఏమవుతుందయ్యా?"

బావ నావైపు తిరిగాడు. "ఎట్టీ సత్తెమ్మా. సిన్న బొట్టే కదా, ఏటవుతాది?"

అక్కడే నేను భోరుమన్నాను. "ఎట్టలేను బావా! పొద్దున్నే ఎట్టీసినాను! స్వస్తిక్కులెట్టినాను, సబ్బెట్టినాను, నెత్తురొచ్చినాది, నిమ్మకాయ పిండినాం, సూడండి మాస్టారూ, సూడండి ఈ మరక!" అంటూ బానెట్ మీదికి వేలు చూపించి కళ్ళెత్తాను.

మరక లేదు.

అటు వెళ్ళాను. తలుపుల మీద లేదు. వెనక్కి పరిగెత్తాను. డిక్కీ మీద లేదు. పాలలో కడిగినట్టు తెల్లగా ఉంది.

"ఇక్కడే ఉండాల!" అన్నాను. "ఇంత ఉన్నాది మాస్టారూ! నన్ను నమ్మండి!" బానెట్ మీద వంగి వెతుకుతున్నాను. లేని మరకను చూపించి నా మొగుడి కొంప ముంచడానికి నేనే అంత తాపత్రయపడటం ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

మాస్టారు బావ భుజం మీద చెయ్యి వేశాడు. "ఎండదెబ్బయ్యా. లోపల కూర్చోబెట్టి మజ్జిగ ఇయ్యి."

మజ్జిగ గ్లాసు నా నోటి దగ్గరకు వచ్చిన సమయానికి, మోటారుసైకిలు వాకిట్లో ఆగకముందే పెంటయ్య మావ కేక వినబడింది. "సత్తెమ్మా! పాలిస్ దొరికినాదే! పసుపు మరక మీద బేగి..." మాస్టారిని చూసి మిగతా మాట మింగేశాడు. తర్వాత కారును చూశాడు. డబ్బా కింద పెట్టి, బానెట్ చుట్టూ రెండుసార్లు తిరిగి, సూర్యుడివైపు చూసి రెండు చేతులూ జోడించాడు.

"ఎండ మాస్టారూ! పసుపు ఎండకి ఆగదు. ఆరు గంటల ఎండ లాగీసింది. పసుపు బట్ట నీడనే ఆరేస్తాం కాదేటి?"

అదీ నాకు తెలుసు. మా ఇంట్లో పసుపు బట్టలు నీడలో ఆరేసేది కూడా నేనే.

బావ మొహం పాలిపోయింది. మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, బానెట్ మీదికి వంగి లెక్క సరిచూసినట్టు చాలాసేపు చూశాడు.

"పసుపు పడింది. నూనె పడింది. సబ్బు, నిమ్మకాయ, ఎండ," అని వేళ్ళు మడిచాడు. "అయినా రంగు చెక్కుచెదరలేదు. ఇంక నేను వానకు భయపడాలా? సింహాచలం, నా స్నేహితుల బళ్ళు కూడా నీకే. కానీ వాటికీ ఈ అమ్మాయి చేతే పరీక్ష చేయించాలి."

ఆ మాట ఊరంతా పాకింది. ఇప్పటికీ మా షెడ్డుకు బండి ఇవ్వడానికి వచ్చినవాళ్ళు రంగు పేరు అడగరు, ఇంజను వివరం అడగరు. "పసుపు పరీక్ష చేసే ఇస్తారు కదా?" అని అడుగుతారు. బావ సీరియస్‌గా తల ఊపుతాడు. పెంటయ్య మావ దగ్గుతాడు. నేను లోపలికి పోతాను. అయినా సూర్యభగవానుడికి ఆనాటి నుంచి ఒక్క పొద్దు కూడా దండం తప్పలేదు. బావ మళ్ళీ ఘాటీ ఎక్కలేదు, అది చాలు నాకు.

అందుచేత, కన్నతల్లి సాక్షిగా, కట్టుకున్నవాడి సాక్షిగా, షెడ్డులో ఉన్న సమస్త స్పానర్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నా చేతి పసుపు ఏ బండి రేకునూ తాకదు. బొట్టంటూ పెడితే అద్దం మీదే పెడతాను. అదీ మిట్టమధ్యాహ్నం, ఆరుబయట, మబ్బు లేని రోజు చూసుకునే.