కోర్టు లేచేదాకా

హిందూపురం బస్టాండు బయట తోపుడు బండి మీద, ఉప్పు నీళ్లలో ఉడుకుతున్న వేరుశనక్కాయల ఆవిరి ముక్కుకు తగిలిందంటే, నాతో బడిలో పనిచేసే టీచర్లు పొట్లాలు కొనుక్కుంటూ ఉంటే నేను మాత్రం రెండడుగులు పక్కకు జరిగి, బస్సు వచ్చే వైపు చూస్తూ నిలబడతాను. ఆ కాయ నోట పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఆ వాసనకు నాకు కోర్టు గుర్తొస్తుంది, కోర్టు వెంట మా జేజినాయన, అంటే నాయనకు నాయన, ఆదెప్ప గుర్తొస్తాడు.

మాది ధర్మవరంలో నేతగాళ్ల వీధి. పొద్దు పొడిచీ పొడవక ముందే వీధి పొడవునా పట్టు పడుగులు సాగదీసేవాళ్లు. ఈ కొస నుంచి ఆ కొస దాకా పసుపు, మావిచిగురు, మిరపపండు రంగుల్లో మెరిసే ఆ పోగుల కింద పిల్లలం వంగి దూరుతూ ఆడుకునేవాళ్లం, తల తగిలిందంటే ఎవరింటి పిల్లని చూడకుండా వీపు మీద ఒకటి పడేది. వానాకాలంలో మగ్గం గుంటల్లోకి నీళ్లు ఊరి నేత ఆగిపోతే మగవాళ్లు అరుగుల మీద పేకముక్కలు పరిచేవాళ్లు, లోపల అవ్వ వేడి వేడి రాగి సంగటిలోకి వేయించిన శనగవిత్తనాలు, ఎండుమిరపకాయలు వేసి ఊరుబిండి నూరేది. ఉగాది నాడు పెనం మీద ఓళిగలు కాలే నేతివాసన, కొత్త పట్టుకుండే పచ్చివాసన కలిసిపోయి ఏది ఏ ఇంటిదో తెలిసేది కాదు. నలభై ఏళ్లు గుంటలో కాళ్లు పెట్టి నేసిన జేజినాయనకు ఆ రోజులకే కళ్లు మసకబారి తెగిన పోగు ఆనేది కాదు. పోగు కనపడని నేతగాడు ఇంట్లో ఉన్నా లేనట్టేనని ఆయనే అనేవాడు.

అలాంటి మనిషికి కోర్టు ఒక పని చూపించింది. వీధిలో పడుగు సాచి దారికి అడ్డం పెట్టారని, అరుగు మీద పేకాడారని, లైటు లేని సైకిలు తొక్కారని, కొళాయి దగ్గర కొట్లాడారని నెలనెలా మా వీధికి కాగితాలు వచ్చేవి. నెల తిరిగేసరికి స్టేషనుకు ఇన్ని కేసులని ఉండాలట, కానిస్టేబులే నవ్వుతూ చెప్పేవాడు. ఆ చిల్లర కేసుల కోసం ఒక అద్దె ఇంట్లో చిన్న కోర్టు జరిగేది. అక్కడి మేజిస్ట్రేటు లా చదివినవాడు కాదు. రెవెన్యూలో చేసి రిటైరైన పెద్దమనిషి, నల్లకోటు లేకుండా తెల్ల చొక్కాతో కూర్చుని, మధ్యమధ్య ఫ్లాస్కులోని కాఫీ తాగుతూ అడిగేవాడు. తప్పు ఒప్పుకుంటే కొంచెం జుల్మానా, కోర్టు లేచేదాకా అక్కడే ఉండమని శిక్ష. దానికోసం పెళ్లిచీర మగ్గం మీద వదిలేసి రోజంతా పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. అందుకని కాగితం ఎవరి పేర వచ్చినా జేజినాయన పోయేవాడు. బంట్రోతు ఏ పేరు కేకేస్తే ఆ పేరుకు "నేనే సామీ" అని పలికేవాడు. ఎవరు వస్తారో తెలుసు గనుక కానిస్టేబులు కాగితంలో వయసు కూడా ఆయనకు సరిపోయేట్టే రాసేవాడు.

ముందు రోజు సాయంత్రం నేను అరుగెక్కి మేజిస్ట్రేటునయ్యేదాన్ని. నాకప్పుడు తొమ్మిదేళ్లు. జేజినాయనను ఎదురుగా నిలబెట్టి పేరు, తండ్రి పేరు, వయసు అడిగేదాన్ని. పొరపాటున తన పేరు చెప్పాడంటే పుల్లతో మోకాలి మీద ఒకటి వేసేదాన్ని. దాగుడుమూతలకన్నా, గచ్చకాయలకన్నా నాకు ఆ ఆటే ఇష్టంగా ఉండేది. మరునాడు ఆయన చెయ్యి పట్టుకుని తీసుకుపోయేదాన్ని, కోర్టు లేచాక బయట ఆయన నాకు ఉడకబెట్టిన కాయలు కొనిపెట్టేవాడు.

ఒకసారి ఆ పెద్దమనిషి కళ్లద్దాలు తీసి, "ఏమప్పా, పోయిన నెల నీ పేరు వేరే ఉన్నట్టుండాదే" అన్నాడు. జేజినాయన తల దించుకున్నాడు. గదిలో అందరూ నవ్వారు, మేజిస్ట్రేటూ నవ్వి కాగితం మీద సంతకం పెట్టేశాడు. అప్పుడు నేనూ నవ్వాను గానీ, ఇప్పుడు తలచుకుంటే ఆ నవ్వు మీద, మా అందరి మీద ఒళ్లు మండుతుంది.

ఆ ఏడాది వానలకు ముందు పక్కింటి ఓబులేసు పడుగు మీదికి ఒక జీపు ఎక్కింది. పెళ్లిచీరల పట్టంతా తెగి, చిక్కుపడి, మట్టిలో కలిసింది. ఆ కోపంలో ఓబులేసు పడుగు కర్ర పెరికి డ్రైవరును కొట్టాడు, డ్రైవరు చెయ్యి విరిగింది. ఓబులేసును స్టేషనులో కూర్చోబెట్టి జామీను మీద వదిలారు. కొన్నాళ్లకు కోర్టు కాగితం వచ్చింది. అది చిన్న కోర్టుది కాదు, లా చదివిన మేజిస్ట్రేటు కూర్చునే పెద్ద కోర్టుది. ఆ సంగతి పైన అచ్చులోనే ఉంది. నేను చదవలేదు. మా ఆటకు కావలసినవి పేరు, తండ్రి పేరు, వయసు, తేదీ. అవి మాత్రం చదివి వినిపించాను. ఏ కోర్టయితేనేం, ఒప్పుకుంటే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చునని పెద్దవాళ్ల ధైర్యం. ఓబులేసు మా గడపలో నిలబడి, "మామా, మళ్లా పడుగు ఎక్కించినా, పెండ్లిచీర దించాల. ఈ ఒక్క తూరి పోయిరా" అన్నాడు. ఓబులేసుకూ యాభై ఐదు దాటాయి గనుక వయసు దగ్గర ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ మేజిస్ట్రేటు కొత్తగా వచ్చిన కుర్రాయన, మంచివాడే. ఒప్పుకుంటే జైలుకు పోవాల్సి రావచ్చు, తెలుసా అని, ఎవరైనా బెదిరించారా అని రెండుసార్లు అడిగాడు. "ల్యా సామీ, నేనే కొట్టినా" అన్నాడు జేజినాయన. ఓబులేసు తండ్రి పేరు కూడా తడుముకోకుండా చెప్పాడు. తలుపు దగ్గర నిలబడి వింటున్న నాకు ఎంత గర్వమో. రెండు నెలలన్న మాట వినపడింది గానీ అది ఆయనకని నాకు తట్టలేదు. ఆయన ఇచ్చిన రూపాయితో నేనే కాయలు కొనుక్కుని, వసారాలో గోడకానుకుని కూర్చున్నాను. కోర్టు లేచింది. వకీళ్లు పోయారు, మేజిస్ట్రేటు పోయాడు. ఒళ్లో పొట్లం చల్లారిపోయింది. గదులకు తాళాలు వేస్తున్న బంట్రోతు నన్ను చూసి, "నీతో వచ్చిన ముసలాయప్పను పగటేలే పెనుకొండ జైలుకు తీసకపోయినారు గదమ్మా, ఇంకా ఈడేం చేస్తాండావు?" అన్నాడు.

ఆ సాయంత్రం మా ఇంట్లో వీధంతా చేరింది. నిజం చెప్పేస్తానని నాయన లేచాడు. కానిస్టేబులు చెయ్యి పట్టి ఆపి, "చెప్తే ఇద్దరూ లోపలికే. తీసకచ్చిన పాపను గుడక అడుగుతారు, చూసుకో" అన్నాడు. నాయన నా వైపు చూసి కూర్చున్నాడు. ఓబులేసు నేల చూస్తూ, "చీర దించి నేనే పోతా" అన్నాడు. చీర దించాడు, ఇంకో పడుగు ఎక్కించాడు. గోడకవతల ఆ మగ్గం ఆడినంతసేపూ అవ్వ కొంగుతో చెవులు మూసుకునేది.

ఒక్కసారే చూడనిచ్చారు. జైలు జవాను "ఓబులేసూ" అని పిలిస్తే కటకటాల వెనక నుంచి జేజినాయన దగ్గుకుంటూ వచ్చాడు. నేను నోరు తెరవబోతే, "ఈడ అట్ల పిలవద్దు పాపా" అన్నాడు. నాయనతో, "ఓబులేసు చీర దించినాడా?" అని అడిగాడు.

ఇంకా తొమ్మిది రోజులుండగా జ్వరం ముదిరి ఆసుపత్రిలో చనిపోయాడు. ఖైదీ గనుక విచారణకు ఎమ్మార్వో వచ్చారు. వసారాలో మా వీధివాళ్లను వరసగా నిలబెట్టి, ఇతను ఎవరని అడిగారు. "ఓబులేసు సామీ" అన్నారు ఒకరి తర్వాత ఒకరు. నాయనా అన్నాడు. ఎమ్మార్వో నా దగ్గర ఆగి, "ఈ పాప ఇంతగా ఏడుస్తోందే. ఏమవుతాడమ్మా నీకు?" అన్నారు. నా భుజం మీద నాయన చెయ్యి బిగుసుకుంది.

"పక్కింటి తాత సార్" అన్నాను. ఆయన రాసుకున్నారు.

శవాన్ని ఓబులేసు కొడుకు సంతకం పెట్టి తీసుకున్నాడు, నాయన పరాయివాడిలా వెనక నడిచాడు. శ్మశానంలో కాగితం అడిగేవాళ్లు లేరు గనుక కొరివి మాత్రం నాయన పెట్టాడు. ఓబులేసు మళ్లీ మా గడప తొక్కలేదు.

ఇప్పుడా వీధిలో పడుగులు సాచేవాళ్లు లేరు, అంతా మిషన్ల మీదే. చిన్న కోర్టు జరిగిన ఇంట్లో సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. చనిపోయినట్టు కాగితం లేనందుకు మా రేషను కార్డులో జేజినాయన పేరు చాలా ఏళ్లు అలాగే ఉండేది, కొట్టేయమని నాయన ఎవరినీ అడగలేదు. అవ్వ పోయింది, తర్వాత నాయనా పోయాడు.

బస్టాండులో ఆ ఆవిరి తగిలినప్పుడల్లా లోపల ఆ పాత ఆట మొదలవుతుంది. పేరు? ఆదెప్ప. తండ్రి పేరు? అక్కడ ఆగిపోతాను. వీధిలో అందరి తండ్రుల పేర్లూ ఆయనకు నేర్పాను గానీ, ఆయన తండ్రి పేరేమిటని ఒక్కనాడూ అడగలేదు.