మంచి రాయి అంటే

నరసరావుపేటలో నాపరాళ్ల కొట్టు పెట్టిన కొత్తలో ఒక బిల్డరు నా లోడు వెనక్కి పంపాడు. అగ్రిమెంటులో ‘మంచి రాయి’ అని మాత్రమే రాసుకున్నాం. "మంచి అంటే ఏందో ఎక్కడ రాశావయ్యా?" అని పదిమంది ముందు నవ్వాడు. ఆయన ఎదురైతే ఇప్పటికీ రోడ్డు దాటి అవతలికి పోతాను.

అప్పట్నుంచి ఏ కాగితం రాయించినా మొదటి పేజీ అంతా మాటల అర్థాలే. లోడు అంటే ఎంత, గడువు అంటే ఏ రోజు నుంచి ఏ రోజు దాకా. మంచి రాయి అంటే అంగుళం మందం, నాలుగు మూలలూ సమం, పైన గీత గానీ మచ్చ గానీ లేనిది.

గురజాల వైపు చిన్న క్వారీ ఉన్న పెద్దాయన రాయంతా నాకే తోలేవాడు. వేరే బేరం లేదు. చుట్టం కాకపోయినా బాబాయ్ అనేవాణ్ని. ఆయన సుత్తితో అంచు మీద కొట్టి, చెవి వంచి వినేవాడు. ఖంగుమంటే మంచిది. మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు.

ఆయనతో రాయించుకున్న కాగితంలోనూ ఆ పేజీ పెట్టి చదివి వినిపిస్తే, "మా కొత్త పొరలో తెల్లగీతలు ఉంటయ్ రా అబ్బాయ్. పగులు కాదు" అన్నాడు.

"అది కాగితం కోసంలే బాబాయ్. మనిద్దరి మధ్య ఏంది?"

వేలిముద్ర వేశాడు. ఆర్నెల్లు గీతల రాళ్లే దింపుకున్నాను.

తర్వాత ఒక పెళ్లి భోజనాల్లో, "మావాడికి కాగితం తెలిసినంత రాయి తెలవదు" అన్నాడు. బంతి బంతంతా నవ్వింది.

ఆ వారమే వచ్చిన రెండు ట్రాక్టర్లనూ నిలబెట్టి, మొదటి పేజీ తీసి గట్టిగా చదివాను. ఆయన ఒక్కో రాయీ కొట్టి చూపించాడు. "విను అబ్బాయ్, ఒక్కసారి విను." అన్నీ ఖంగుమన్నాయి. నేను కాగితం మీంచి తల ఎత్తకుండానే రెండు ట్రాక్టర్లూ వెనక్కి పంపాను. నేనిచ్చిన మాట ఆయన గుర్తు చెయ్యలేదు. చేస్తే పోట్లాడేవాణ్ని.

నెల తిరక్కుండా క్వారీ ఆగిపోయింది.

ఈ మధ్య కొత్త కాగితం రాయించుకుని బాబాయ్ ఇంటికి వెళ్లాను. మంచి రాయి అంటే సుత్తితో కొడితే ఖంగుమనేది అని పెట్టించాను. పెళ్లిలో అన్న మాటకు నాకింకా మంటగానే ఉంది, అది వేరే సంగతి. వాకిట్లో వేరుశనక్కాయలు వలుస్తూ మొత్తం విన్నాడు.

"బాగా రాశావు."

"మరి వేలు వెయ్యి బాబాయ్."

"క్వారీ గుంట నిండా నీళ్లు నిలిచినయ్ రా. ఎవరు తోడతారు?"

చేతులు దులుపుకుని, కాగితం మడిచి నా జేబులోనే పెట్టాడు. తప్పు నాదేనని చెబుదామనే అంత దూరం పోయాను. చెప్పకుండానే బస్సెక్కాను.