వెదురుకర్రలో వాలుగ చప్పుడు

మా మామ వేళ్లు మొద్దుబారాయని నాకు ఒక టీ గ్లాసు వల్ల తెలిసింది. ఆయన కూతురితో నా పెళ్లయ్యాక వచ్చిన మొదటి చలికాలం. పొగలు కక్కుతున్న స్టీలు గ్లాసును నేను తువ్వాలుతో పట్టుకున్నాను. ఆయన ఉత్త చేత్తో పట్టుకుని వాకిట్లో నిలబడి పక్కింటి వాళ్లతో తీరిగ్గా మాట్లాడుతున్నాడు. వేళ్ల కొసలు సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి.

బొగ్గుబాయిలో ఆయన పని డ్రిల్ మిషన్ మీద. రిటైరయ్యే దాకా అదే పని. నేను మణుగూరు దగ్గర బొగ్గు మోసే కన్వేయర్ బెల్టుల మెయింటెనెన్స్‌లో పనిచేస్తాను. ఆగకుండా అదిరే యంత్రం బేరింగును ఏం చేస్తుందో నాకు తెలుసు. మనిషి చేతిని ఏం చేస్తుందో ఆ రోజు చూశాను.

ఆ సాయంత్రం నా భార్యను అడిగితే మిగతాది చెప్పింది.

“నాయినకు గాలమంటే పానం. ఇప్పుడు అడిగితే గోదాట్ల చేపల్లేవంటడు. ఎందుకు లేవు, ఉన్నయి. చేప కొరికింది వేళ్లకు తెలుస్తలేదు, అందుకే పోతలేడు. నువ్వు మాత్రం అడగకు. చిన్నబుచ్చుకుంటడు.”

ఆయనది చేతిగాలం. కర్ర ఉండదు. తంగూసు అనే నైలాను దారాన్ని చూపుడువేలి మీదుగా వదిలి, ఆ వేలితోనే నీటి అడుగున జరిగేదంతా తెలుసుకునేవాడట. నా అలవాటు కొద్దీ భాగాలు విడదీసి చూశాను. నదిలో చేప ఉంది. గాలం, దారం బాగానే ఉన్నాయి. దారం మీద వచ్చే కబురును అందుకునే చోటు ఒక్కటే పాడైంది. ఆయన మళ్లీ నది మీదికి రావాలంటే ఆ ఒక్కటి సరిచేయాలి.

ఎక్కడో చలిదేశపు సరస్సులో, మెల్లగా పోయే పడవ వెనక బరువు కట్టిన గాలాన్ని అడుగు వెంట లాగే పద్ధతి ఫోన్‌లో చూశాను. వాళ్లు పట్టే చేప వేరు, మన వాలుగ వేరు. కానీ రెండూ మసక నీళ్లలో, అడుగున వేటాడేవే. వెల్డింగ్ తీగను మూలమట్టంలా, ఎల్ ఆకారంలో వంచాను. కిందికి దిగే కాలు మీద సీసం పోశాను. వంపు దగ్గర దారం కట్టాను. రెండో కొమ్మ నుంచి గాలం వెనక తేలుతూ వస్తుంది. వాలుగ పళ్లకు తంగూసు తెగిపోతుంది కాబట్టి గాలం దగ్గర జానెడు సన్నతీగ వేశాను. తీగ కాలు రాళ్ల మీద నడుచుకుంటూ పోతుంది, ఇరుక్కోదు. చేప కొరికితే తెలియడానికి పడవ అంచున దారానికి చిన్న గంట కట్టాలనుకున్నాను.

ఆయనను రమ్మనలేదు. ఆదివారం ఒక్కణ్నే ఆయన పాత పడవ తీస్తానన్నాను.

“నీకు ఈత రాదు, తెడ్డెయ్య రాదు. నువ్వు మునిగితే నా బిడ్డ నన్ను బతకనిస్తదా?” అంటూ ఆయనే చెప్పులు వేసుకున్నాడు.

పొద్దున గోదావరి మీద మంచు ఇంకా విడలేదు. పడవ కదిలిందో లేదో గంట మోగడం మొదలైంది. తీగ కాలు ప్రతి రాయికీ తగులుతుంది, తగిలినప్పుడల్లా గంట మోగుతుంది. ఈ చిన్న సంగతి నాకు ముందే తట్టాల్సింది.

“ఏంది అల్లుడా, చేపలు పట్టనీకి వచ్చినమా, గంగిరెద్దును తోలుకపోతున్నమా?”

దగ్గర్లో ఒడ్డున బట్టలుతికే వాళ్లు కూడా తలెత్తి చూశారు. గంట విప్పేశాను. ఆయన నవ్వుతూ దారం అందుకుని, పాత అలవాటుగా చూపుడువేలి మీద వేసుకున్నాడు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. దారం పైకి లాగి చూస్తే ఎరగా గుచ్చిన పరక చేప సగమే ఉంది. చేప వచ్చింది, కొరికింది, పోయింది. ఆయన ఆ సగం చేపను గాలం నుంచి తీసి నీళ్లలో వేశాడు.

“నడువు. ఇంటికి పోదాం” అన్నాడు.

ఆ వారం డ్యూటీలో ఒక బేరింగు చప్పుడు తేడాగా ఉంటే, స్క్రూడ్రైవర్ కొసను దాని మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు పెట్టుకుని లోపలి చప్పుడు విన్నాను. రోజూ చేసే పనే. ఆ రోజు మాత్రం మామ దారం గుర్తొచ్చి, బేరింగు సంగతి సగంలో మరిచి అలాగే నిలబడ్డాను.

తర్వాతి ఆదివారానికి ఎండిన వెదురుకర్ర ఒకటి చెక్కాను. ఒక కొసన దారం కూర్చునేలా గాడి పెట్టాను. ఆయన రానంటాడని భయపడ్డాను.

“మళ్ల గంటనా?”

“కాదు మామా. బాయిల పైకప్పును రాడ్డుతో కొట్టి, గట్టిగుందా డొల్లగుందా అని చూసేటోళ్లమని చెప్పినవు గదా. గట్లనే నది అడుగును ఇందామని.”

ఆయన కర్రను తిప్పి చూసి, కొసను గోడకు ఆనించి, రెండో కొసను చెవి వెనక పెట్టుకున్నాడు. లోపల అత్తమ్మ రోట్లో ఏదో దంచుతోంది.

“అవ్,” అన్నాడు. “ఇనబడ్తున్నది.”

పడవలో దారాన్ని అరచేతికి చుట్టుకుని, గాడి మీదుగా నీళ్లలోకి వదిలాడు. కర్రను చెవి వెనక ఎముకకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. నేను తెడ్డు వేస్తున్నాను.

“ఇసుక,” అన్నాడు. కొంచెం దూరం పోయాక, “రాయి. రాయి. మళ్ల ఇసుక.”

నాకేమీ వినబడటం లేదు. ఆయన ముఖం మాత్రం చూస్తున్నాను. మా పెళ్లినాటి ఫొటోల్లో కూడా అంత వెలుగు లేదు.

“జర మెల్లగెయ్యి అల్లుడా. చేపకంటె నీ తెడ్డు లొల్లే ఎక్కువున్నది.”

తెడ్డు పైకెత్తి పట్టుకున్నాను. ప్రవాహమే పడవను తీసుకుపోయింది. కొండనీడ పడే మడుగు దాటుతుండగా ఆయన పెదవులు బిగుసుకున్నాయి.

“ఆగు. ఇది రాయి గాదు.”

ఒక్క గుంజు గుంజాడు. కర్ర ఒళ్లో పడింది. దారం అరచేతిలోకి కోసుకుపోతుంటే నా తువ్వాలు అందించాను. “నొప్పి తెల్వదు గదా” అంటూ ఆయన తీసుకోలేదు. నేనే పడవలో మోకాళ్ల మీద కూర్చుని ఆ చేతికి చుట్టాను. చాలాసేపటికి వెడల్పాటి నోరు, పొడవాటి మీసాలతో వాలుగ పడవ అంచుకు వచ్చింది. ఇద్దరం కలిసి లోపలికి లాగాం.

ఒడ్డు చేరాక చేపను గోనెసంచిలో వేసుకుని నడక మొదలుపెట్టాను. ఆయన వెనకే ఆగిపోయాడు.

“కర్రేది?”

“పడవలనే ఉన్నది మామా. వెదురే గదా, ఇంకోటి చెక్కుత.”

“ఇంకోటెందుకు? ఇది నా చెవికి అలవాటైంది.”

ఆయనే వెనక్కి వెళ్లి తెచ్చుకున్నాడు. ఇంటిదాకా దాన్ని భుజాన పెట్టుకుని నడిచాడు. వాకిట్లో నా భార్య ఎదురొస్తే సంచివైపు చూపించి, “మీ ఆయనకు తెడ్డెయ్యుడు ఇంకా వస్తలేదు. ప్రతి ఐతారం తోల్కపోయి నేర్పాలె” అన్నాడు.