మంచం పక్కన గ్లాసూ చెంచా

నా చిన్నప్పుడు, ఉద్యమంతో బళ్ళు మూసేసి ఊరంతా అట్టుడికిపోతున్న అరవై తొమ్మిదిలో, మా తాతయ్యకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. తెనాలిలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి, రిటైరయ్యాక చిక్కడపల్లిలో మేమున్న అద్దెఇంటికి వచ్చేశారాయన. మైదానం ఆ చివరిదాకా వినిపించిన గొంతు, జబ్బు చేశాక పీలగా అయిపోయింది.

రోజూ చెయ్యి కదిలించాలనీ, ఇప్పుడు వదిలేస్తే ఇక స్వాధీనంలోకి రాదనీ డాక్టరుగారు గట్టిగా చెప్పి వెళ్ళారు. తాతయ్య వింటేగా! మా అమ్మ చెయ్యి పట్టుకోబోతే గోడవైపు మొహం తిప్పుకునేవారు. పగలంతా మగతగా పడుకుని, రాత్రంతా కళ్ళు తెరుచుకుని ఉండేవారు. రోజులు గడిచేకొద్దీ వేళ్ళు బిగుసుకుపోతున్నాయని అమ్మ చాటుగా ఏడ్చేది.

పరామర్శకు మాత్రం లోటు లేదు. అశోక్‌నగర్ నుంచి పెదనాన్న, నారాయణగూడ నుంచి నాన్న ఆఫీసువాళ్ళు బత్తాయిలు పట్టుకుని వచ్చేవారు. అందరిదీ ఒకటే పాట: ధైర్యంగా ఉండండి, మీకేం కాలేదు. తర్వాత వాళ్ళ మేనమామకి ఇలాగే వస్తే నెల తిరక్కుండా ఎలా లేచి తిరిగాడో చెప్పి, కాఫీ తాగి వెళ్ళేవారు. జబ్బుమనిషికి ధైర్యం చెప్పకుండా లేవడం మర్యాద కాదని మావాళ్ళ లెక్క. బత్తాయిలు చాలావరకు నేనే తిన్నాను.

పక్కింటి అక్క అప్పుడు నర్సు ట్రైనింగులో ఉండేది. వాళ్ళది తరతరాలుగా ఈ ఊరే. మాలాంటి కోస్తావాళ్ళని వెళ్ళిపొమ్మని బయట గోడల మీద రాస్తున్న రోజుల్లో కూడా, ఆవిడ డ్యూటీ దిగి తిన్నగా మా వంటింట్లోకి వచ్చేసేది. ఒక సాయంత్రం ముక్కాలిపీట లాక్కుని, తాతయ్య మొహం ఎటుంటే అటు కూర్చుంది.

"తాతగారూ, మీకు దేనికి భయమైతున్నదో జర నాకు చెప్పుండ్రి" అంది.

డ్రిల్లు మాస్టారికి భయమేమిటమ్మా అని మా నాన్న నవ్వబోతే, ఆగమని చేత్తో సైగ చేసింది. ఇంకో మాట మాట్లాడలేదు. పాపం అక్క చెప్పాల్సిన మాటలు మర్చిపోయిందేమో, ధైర్యంగా ఉండమని నేనైనా అందిద్దామా అనుకున్నాను.

చాలాసేపటికి తాతయ్య నోరు విప్పారు. "రాత్రి పిలిస్తే ఎవరికీ వినపడటం లేదమ్మా. అలా పిలుస్తూనే పోతానేమో" అన్నారు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

మా నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ పక్కగదిలోనే పడుకుంటున్నారాయన.

"పిలిస్తె ఎవ్వరు రాకపోతె ఎవరికైనా భయమైతది" అంది అక్క. ఏడవొద్దనలేదు. ఏడుపు తగ్గాక నాచేత స్టీలు గ్లాసూ చెంచా తెప్పించి, తాతయ్య ఎడమచేతికి అందేలా పెట్టింది. నన్ను పెరట్లో కుళాయి దగ్గరికి పంపి, చెంచాతో గ్లాసు మీద కొట్టమని ఆయనకి చెప్పింది. వినిపించిందని నేను అరిచాను. మొదట్లో ఎన్నిసార్లు కొట్టినా విసుక్కోకుండా వెళ్ళాలని మా ఇంట్లోవాళ్ళకి చెప్పి వెళ్ళింది.

కొట్టారు కూడా! పరుగెత్తుకెళ్తే, "ఏం లేదే, వినపడుతుందో లేదోనని" అనేవారు. క్రమంగా ఆ చప్పుడు తగ్గింది. తాతయ్య రాత్రిళ్ళు నిద్రపోవడం మొదలుపెట్టారు. ఒకరోజు పొద్దున్నే అమ్మని పిలిచి, పడిపోయిన చేతిని ఎడమచేత్తో ఎత్తి ఆమె చేతికి తనే అందించారు. ఆ చెయ్యి పూర్తిగా రాలేదు. అన్నం కలుపుకోవడానికి సరిపడా వచ్చింది.

నేనూ ఎంతోమంది జబ్బుమనుషులని చూడ్డానికి వెళ్ళాను. ధైర్యంగా ఉండండి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేస్తుంది. మింగేసి, దేనికి భయంగా ఉందని అడుగుతాను. అడగడం తేలికే, అడిగాక నోరు మూసుకోవడమే ఇన్నేళ్ళయినా కష్టం.

మొన్న నా మోకాలి ఆపరేషనయ్యాక మా అబ్బాయి మంచం పక్కన నిలబడి ధైర్యం చెప్పబోయాడు. అది తర్వాత చెబుదువుగాని, ముందు ఓ గ్లాసూ చెంచా తెచ్చిపెట్టమన్నాను.