వీధికి అడ్డంగా ముగ్గు

కోమలకు మనుషులంటే చిన్నచూపు. అందులోనూ కళ్లుండి చూడలేని వాళ్లంటే మరీ. పుదుచ్చేరిలో ఒక పప్పుల దుకాణం పైఅంతస్తులో నడిచే వీడియో గేముల కంపెనీలో, ఆటల్లోని వీధులు గీయడం ఆమె పని. బల్లపరుపు తెర మీద దూరాన్ని పుట్టించాలి. ఆ విద్య తనకు తప్ప ఆ అంతస్తులో ఎవడికీ రాదని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని దాచుకునే మర్యాద కూడా ఆమెకు లేదు.

పక్క కుర్చీలోని గిరిధర్‌కు తెలిసిన మంత్రం ఒక్కటే, పొగమంచు. వీధి చివర దూరంగా కనిపించాలా? కుమ్మరించు మంచు.

"పుదుచ్చేరిలో మంచు యాడుంది రా? దోమల మందు కొట్టిపోయినట్టుంది నీ వీధి" అని కోమల అతణ్ణి అందరి ముందూ దులిపేసింది.

యజమాని రఘునాథన్ ఇద్దరికీ పందెం పెట్టాడు. చెరొక వీధి గీయాలి. ఆట ఎరగని వాళ్లు ఎవరి వీధిలో చివరిదాకా నడిస్తే వాళ్లే ఇకమీదట బొమ్మల విభాగానికి పెద్ద. కోమల ఏళ్ల తరబడి కన్నేసిన కుర్చీ అది.

ఆమె మార్గళి, అంటే ధనుర్మాసపు తెల్లవారుజాము వీధిని గీసింది. ప్రతి ఇంటి ముందూ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా రంగుల ముగ్గు. దగ్గరి ముగ్గులో చుక్కలు పెద్దగా, ఎడంగా ఉన్నాయి. పోనుపోను అవి చిన్నవై, దగ్గరపడి, రంగు వెలిసి, చివరికి సన్నటి గీతలైపోయాయి. దూరపు గోడలకు కాస్త నీలం పూసింది. అరుగుల మీది బిందెల కింద నీడలు పెట్టింది. చూపు దానంతట అదే వీధి చివరికి జారిపోతుంది. గిరిధర్ కూడా కుర్చీ దగ్గరికి జరుపుకుని చూశాడు.

కింది దుకాణం లీలమ్మను పిలిచి కంట్రోలర్ చేతికిచ్చారు. గిరిధర్ మంచులో ఆమె రెండు గోడలు గుద్దుకుని ఎలాగో చివరికి చేరింది. కోమల వీధిలో మొదటి ముగ్గు దగ్గరే ఆగిపోయింది. ఎడమకు పోతే గోడ. కుడికి పోయినా గోడే. వెనక్కి తిరిగింది.

"ముందుకు పో అత్తా!" అని అరిచింది కోమల.

"యాడికి పోయేది? ఇప్పుడేసిన ముగ్గు గదా. తొక్కితే ఏసిన బిడ్డ ఏమనుకుంటాది?"

"అది ఉత్త బొమ్మ అత్తా!"

"బొమ్మైనా ఎవురో ఒకరు ఏసిందే గదమ్మా."

తర్వాత వచ్చిన వాచ్‌మన్ సెల్వరాజ్ చెప్పులు విప్పే మీట ఏదని అడిగి, లేదని చెబితే ముగ్గు ముందే నిలబడిపోయాడు. కోమలకు ఒళ్లు మండింది. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి! ఇలాంటి మొద్దుల కోసమా తను కళ్లు పోయేలా గీసింది?

"దూరం బాగా తెలస్తా ఉంది కోమలా. అయితే ఎవురూ పోలేదే" అన్నాడు రఘునాథన్.

"పోవడం చేతగాక! ఇట్ల పోవాల, చూడండి."

కోమల కంట్రోలర్ లాక్కుంది. బొమ్మ మనిషి చకచకా నడిచి మొదటి ముగ్గు అంచుకు వచ్చాడు. అక్కడ ఆమె బొటనవేలు పక్కకు తిరిగింది. బొమ్మ ఎడమ గోడకు ఒరిగి, అడుగు మోపడానికి ముగ్గు లేని నేల కోసం వెతికింది. అక్కడ అంగుళం ఖాళీ లేదు. వదలకుండా నింపింది ఆమే.



"పో అక్కా, బొమ్మే గదా" అన్నాడు గిరిధర్, మెల్లగా.

ఆమె వేలు కదల్లేదు.